ఫోనులో వినిపించే మాట మందు కాగలదా?

కుటుంబ కలహాల వల్ల, పిల్లల పెంపకంలో ఎదురయ్యే చికాకుల వల్ల మనస్సు అలసిపోయినవారు ఫోనులోనో, ఫోను తెరమీదనో నిపుణునితో మాట్లాడి ఉపశమనం పొందవచ్చునా? ఈ ప్రశ్నను ఇటీవల నా వద్దకు వచ్చే గృహిణులు తరచుగా అడుగుతున్నారు. గురువుగారి ఇంట ఉండి, తాళపత్రాల నీడన చదువుకున్న వైద్యుడు ఇటువంటి ఆధునిక పద్ధతిని తోసిపుచ్చుతాడని వారి ఊహ. నా అభిప్రాయం అందుకు భిన్నమైనది. ఈ పద్ధతి మన శాస్త్రానికి విరుద్ధం కాదు. అయితే దీనికి హద్దులున్నవి. ఆ హద్దులను తెలుసుకుని వాడుకుంటే మన ప్రాంతపు ఇళ్లకు ఇది మేలు చేయగలదు. తెలియక వాడుకుంటే కాలమూ, ధనమూ వృథా కావడమే గాక, కొన్ని సందర్భాలలో ప్రాణానికే ముప్పు రావచ్చును.

మన ఇళ్ల పరిస్థితి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల సంసారాలకు ఒక ప్రత్యేకత ఉన్నది. సారంగాపూర్ వంటి మండలాలలో ఏ వాడకు వెళ్లినా ఇంటి పెద్ద దుబాయిలోనో, సౌదీలోనో, కువైట్‌లోనో ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. రెండేళ్లకో, మూడేళ్లకో ఒకసారి వచ్చి, నెలా రెండు నెలలుండి తిరిగి వెళ్లే భర్త. అత్తమామల సేవ, పిల్లల చదువు, పొలం పనులు, అప్పుల వాయిదాలు ఒంటరిగా మోసే భార్య. వీటికి తోడు అనేక ఇళ్లలో బీడీల చాట ఒడిలో పెట్టుకుని కూర్చోవలసిన అవసరం. సిరిసిల్ల వైపు వెళితే మరమగ్గం పని ఉన్న నెలలో ఒక తీరు, లేని నెలలో మరొక తీరు. అక్కడి నేతకుటుంబాలలో జరిగిన ఆత్మహత్యలు ఎన్ని సంసారాలను చీకటి చేశాయో మనకు తెలియనిది కాదు.

ఇటువంటి ఇంట తల్లికి నిద్ర సరిగా ఉండదు. ఆకలి తగ్గుతుంది. చిన్న తప్పుకే పిల్లవానిమీద చెయ్యి లేస్తుంది. కొట్టిన తరువాత ఆమెయే కూర్చుని ఏడుస్తుంది. ఆమె వైద్యుని వద్దకు వచ్చినప్పుడు ఈ సంగతులు చెప్పదు. తలనొప్పి అంటుంది, గుండెదడ అంటుంది, నడుము లాగుతున్నదంటుంది. నాడి చూసి, నాలుక చూసి, రెండు ప్రశ్నలు అడిగిన తరువాతగాని అసలు బాధ బయటకు రాదు.

దీనిని చిన్న విషయంగా భావించరాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాటిలో 31.7 శాతానికి కుటుంబ సమస్యలే కారణమని నమోదైనది. మరే ఇతర కారణానికీ ఇంత పెద్ద భాగం లేదు. అనగా ఇంటిలోని కలతను ఇంటిలోనే కప్పి ఉంచడం వల్ల అది చల్లారిపోతుందన్న నమ్మకం సరైనది కాదు.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

చరకాచార్యులు చికిత్సను మూడు విధాలుగా విభజించారు. మణులు, మంత్రాలు, జపహోమాల వంటివి దైవవ్యపాశ్రయం. ఆహార ఔషధాలను యుక్తిగా ప్రయోగించడం యుక్తివ్యపాశ్రయం. మనస్సును అహితమైన విషయాల నుండి మరలించి నిగ్రహించడం సత్త్వావజయం. ఈ మూడవ చికిత్సకు లేహ్యమూ, చూర్ణమూ అవసరం లేదు. జ్ఞానం, ధైర్యం, స్మృతి మొదలైనవాటిని రోగిలో మేల్కొల్పడమే అందులోని పని. అందుకు వైద్యుని చేతిలో ఉన్న ప్రధాన సాధనం మాట. నేడు కౌన్సెలింగ్ అనీ, థెరపీ అనీ వ్యవహరిస్తున్నది దీనికి దగ్గరి బంధువే. పద్ధతులు వేరు, పరిభాష వేరు. మాట ద్వారా మనస్సును దారికి తేవడమన్న మూలసూత్రం రెండింటికీ సమానం.

మాటయే ఔషధమైనప్పుడు అది ఎదురుగా కూర్చుని చెప్పినా, ఫోనులో చెప్పినా దాని గుణం పూర్తిగా నశించదు. దుబాయి నుండి భర్త చెప్పిన ఒక కఠినమైన మాట ఇక్కడ భార్య నిద్రను చెడగొట్టగలిగినప్పుడు, ఒక నిపుణుని సాంత్వన వాక్యం అదే దారిలో వచ్చి ఆ నిద్రను తిరిగి ఇవ్వలేదనడం తర్కానికి నిలువదు.

చికిత్సకు నాలుగు పాదాలని కూడ శాస్త్రం చెప్పినది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలలో జ్ఞాపకత్వం ఒకటి. అనగా తన బాధను దాచకుండా వైద్యునికి వివరించగలగడం. మన ప్రాంతపు స్త్రీలకు ఈ గుణం లేదని కాదు, దానికి అవకాశం లేదు. ఊరిలో ఎవరితో చెప్పినా సాయంత్రానికి వాడంతా తెలుస్తుంది. కులపెద్దల పంచాయితీకి వెళితే తీర్పు దొరకవచ్చునేమోగాని రహస్యం దక్కదు. ముఖం తెలియని, ఊరు తెలియని ఒక నిపుణునితో మాట్లాడేటప్పుడు ఆ భయం తగ్గుతుంది. ఇది ఫోను చికిత్సలోని మొదటి లాభం.

బూచివాడైన తండ్రి

పెంపకం విషయంలో ఒక ముఖ్యమైన సంగతిని ఇక్కడ చెప్పవలసి ఉన్నది. చరకసంహిత శారీరస్థానంలో శిశువుల సంరక్షణను వివరిస్తూ, బిడ్డను భయపెట్టరాదని స్పష్టంగా విధించారు. బిడ్డ ఏడ్చినా, అన్నం తినకున్నా, మాట వినకున్నా రాక్షసుడనీ, పిశాచమనీ, పూతన అనీ పేర్లు చెప్పి లొంగదీయరాదన్నారు. ఆటవస్తువులు కూడ బరువుగా, మొనదేలి ఉండరాదనీ, నోటిలో దూరేటట్లు ఉండరాదనీ, బిడ్డను జడిపించేవి కారాదనీ చెప్పిన శాస్త్రమిది.

మన ఇళ్లలో నేడు జరుగుతున్నదేమిటి? పిల్లవాడు అల్లరి చేయగానే, "ఉండు, మీ బాపు ఫోన్ జేస్తే చెప్త" అంటారు. వారానికి రెండుసార్లు ఇమోలోనో, బోటిమ్‌లోనో తండ్రి ముఖం కనిపిస్తుంది. ఆ పది నిమిషాలలో తల్లి ఫిర్యాదులు వినిపిస్తుంది, తండ్రి గద్దిస్తాడు, పిల్లవాడు తలవంచుకుంటాడు. ఎండలో పనిచేసి వచ్చి, గదిలో పదిమంది నడుమ కూర్చుని, బిడ్డ నవ్వు చూద్దామని ఫోను చేసిన ఆ తండ్రి బిడ్డ దృష్టిలో బూచివాడుగా మారిపోతున్నాడు. ఆయన సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు పిల్లలు దగ్గరకు చేరకపోవడం, ఆయన మనస్సు నొచ్చుకోవడం, దాని కోపం భార్యపై చూపడం నేను ఎన్నో ఇళ్లలో గమనించినాను. ఇందులో ఏ ఒక్కరూ దుర్మార్గులు కారు. దూరం పెట్టిన చిక్కుముడి ఇది.

ఈ ముడిని విప్పడానికి తల్లి ఒక్కతే వచ్చి నా ఎదుట కూర్చుంటే సరిపోదు. తండ్రి కూడ వినవలసి ఉన్నది. అతడు వేల మైళ్ల దూరాన ఉన్నాడు. ఒకే సమయంలో భార్యాభర్తలిద్దరినీ, నిపుణుని కలిపి కూర్చోబెట్టగలిగే సాధనం నేడు ఫోను ఒక్కటే. మనకు రాత్రి తొమ్మిది గంటలైనప్పుడు దుబాయిలో ఏడున్నర, సౌదీలో ఆరున్నర. వారానికి ఒక అరగంట ఇందుకు కేటాయించడం అసాధ్యం కాదు. పిల్లవానితో మాట్లాడే పది నిమిషాలలో మొదటి ఐదు నిమిషాలు ఫిర్యాదులు లేకుండా గడపడం, తండ్రి బడి విషయాలు కాక ఆటల విషయాలు అడగడం, తప్పు జరిగినప్పుడు దాని సంగతి తల్లియే అప్పటికప్పుడు నెమ్మదిగా తేల్చివేయడం వంటి చిన్న మార్పులను నేర్పగల నిపుణుడు దొరికితే ఆ ఇంటి వాతావరణమే మారుతుంది. ముఖాముఖి చికిత్సకు సైతం సాధ్యం కాని మేలు ఇది.

ఫోను ద్వారా తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడం ఫలిస్తుందా అన్నదానికి విదేశాలలో పరిశీలనలు కూడ జరిగినవి. ఫిన్లండ్ దేశంలో మొండితనం, తగవులమారితనం అధికంగా ఉన్న నాలుగేళ్ల పిల్లల కుటుంబాలను 464 తీసుకుని, సగం కుటుంబాల తల్లిదండ్రులకు 11 వారాలపాటు ఇంటర్నెట్ పాఠాలతోపాటు ఫోనులో శిక్షకుని సలహాలు ఇచ్చారు. ఏడాది తరువాత చూడగా ఆ పిల్లల ప్రవర్తన తక్కినవారికంటె మెరుగ్గా ఉన్నదని 2016లో ప్రకటించారు. పాఠాలతోపాటు మనిషి గొంతు కూడ ప్రతి వారం తోడుగా ఉన్నదన్న అంశాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

అందుబాటులో ఉన్న సహాయం

మన ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి-మానస్ అనే ఉచిత సేవను ప్రారంభించినది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ దీనికి కేంద్ర సంస్థ. 14416 నంబరుకు పగలైనా, రాత్రియైనా ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడవచ్చును. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు; అవసరమైతే మానసిక వైద్య నిపుణునికి అందిస్తారు, లేదా దగ్గరలోని ఆసుపత్రికి పంపుతారు. 2024 అక్టోబరు నాటికి దేశం మొత్తంమీద 14 లక్షలకు పైగా కాల్స్ వచ్చినవి. ఆ సంవత్సరమే దీనికి ఒక యాప్‌ను కూడ విడుదల చేశారు.

ఒకప్పుడు మానసిక వైద్యుని చూడాలంటే ఇక్కడివారు హైదరాబాదులోని ఎర్రగడ్డ పేరే తలచేవారు. దాదాపు 200 కిలోమీటర్ల ప్రయాణం, రెండు రోజుల కూలి నష్టం, పైగా ఆ పేరు చెప్పగానే పడే ముద్ర. జగిత్యాలలో 2022లోనూ, సిరిసిల్లలో 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైన తరువాత ఆ దూరం కొంత తగ్గినది. కనుక ఫోనులో మొదటి మాట, అవసరమైతే జిల్లా కేంద్రంలో ప్రత్యక్ష పరీక్ష అన్న క్రమం నేడు సాధ్యమే.

కొండగట్టు అంజన్న సన్నిధిలో మనస్సు కలతచెందినవారిని కొన్ని రోజులు ఉంచే ఆచారం మన ప్రాంతంలో చిరకాలంగా ఉన్నది. దానిని నేను కాదనను. దైవవ్యపాశ్రయం కూడ చికిత్సయేనని శాస్త్రమే అంటున్నది. అయితే ఆ మూడు విధాలలో ఒకటి చేసినందువల్ల మిగిలిన రెండూ మానవలసిన పని లేదు. దేవుని దర్శనమూ చేసుకోవచ్చును, నిపుణుని సలహా కూడ తీసుకోవచ్చును.

ఫోనుకు సాధ్యం కానివి

ఇక హద్దుల విషయం. దర్శన, స్పర్శన, ప్రశ్నల ద్వారా రోగిని పరీక్షించాలని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో చెప్పినారు. ఫోనులో ప్రశ్న ఒక్కటే పూర్తిగా సాధ్యం. తెరమీద దర్శనం సగం మాత్రమే. స్పర్శనం అసలే లేదు. చేతి వణుకు, అరచేతి చెమట, కనురెప్పల పాలిపోవడం, గొంతు వద్ద వాపు తెరమీద సరిగా తెలియవు. విసుగు, నీరసం, నిద్రలేమి ఉన్న గృహిణికి రక్తహీనత ఉండవచ్చును. థైరాయిడ్ దోషం ఉండవచ్చును. అటువంటి స్థితిలో ఎన్ని గంటలు మాట్లాడినా బాధ పూర్తిగా తీరదు. కాబట్టి ఫోనులో సలహా ప్రారంభించేముందో, ప్రారంభించిన కొద్ది రోజులలోనో ఒకసారి దగ్గరి వైద్యునిచేత శరీర పరీక్ష, రక్త పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.

ఈ క్రింది సందర్భాలలో ఫోను సలహాతో సరిపెట్టుకోరాదు; వెంటనే ఆసుపత్రికి తీసుకుని వెళ్లాలి. చనిపోవాలన్న ఆలోచన పదే పదే రావడం, అందుకు ప్రయత్నించడం. ఎవరూ లేకుండానే మాటలు వినబడుతున్నవనడం. కాన్పైన తల్లి బిడ్డను దగ్గరకు తీసుకోకపోవడం, బిడ్డకు హాని చేయాలన్న తలపు రావడం. రోజుల తరబడి నిద్రాహారాలు మానివేయడం. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని, శిక్షించక చికిత్స అందించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేయరాదు. ఇంట కొట్టుట, తిట్టుట ఉన్నచో స్త్రీలు 181కి, పిల్లల విషయమైతే 1098కి ఫోను చేయవచ్చును. దెబ్బలు తినే స్త్రీకి సహనం నేర్పడం చికిత్స కాదు.

అవతల ఉన్నది ఎవరు?

వైద్యునికి శాస్త్రజ్ఞానం, అనుభవం, దక్షత, శుచిత్వం ఉండాలని మన గ్రంథాలు నియమం పెట్టినవి. ఫోనులో ఈ నియమాన్ని పరీక్షించడం కష్టం. కౌన్సెలర్ అన్న మాటను నేడు ఎవరైనా బోర్డుమీద రాసుకోగలుగుతున్నారు. నాలుగు వారాల కోర్సు చేసినవారూ, అసలు చేయనివారూ కూడ సెల్‌ఫోను ప్రకటనలలో కనిపిస్తున్నారు. కనుక డబ్బు చెల్లించేముందు అడగవలసినవి కొన్ని ఉన్నవి. మానసిక వైద్య నిపుణుడైతే వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు, క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి నమోదు సంఖ్య అడగాలి. 2020 మార్చిలో వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వైద్యుడు తన వివరాలు రోగికి తెలుపవలసినదే. అడిగినప్పుడు కోపగించేవాని వద్దకు మళ్లీ వెళ్లవలసిన పని లేదు.

ఆయుర్వేద వైద్యులకు కూడ ఆ సంవత్సరమే ఇటువంటి మార్గదర్శకాలు వచ్చినవి. మావారిలో కొందరు నాడి చూడకుండా, ప్రకృతి తెలుసుకోకుండా, వీడియోలో పది మాటలు చెప్పి మనశ్శాంతి లేహ్యాలను పోస్టులో పంపుతున్నారు. ఇది శాస్త్రం కాదు, వ్యాపారం. పెద్ద వైద్యుని పేరున్నదని, మూలికలే కదా అని అటువంటివి కొనరాదు. మానసిక వైద్యుడు ఇచ్చిన మాత్రలను ఏ ఆయుర్వేద వైద్యుడు మానివేయమన్నా, ఆ మాత్రలు రాసిన వైద్యుని అడగకుండా మానరాదు.

ఇంటిలో చేయదగినవి

ఔషధం మాట అయినప్పుడు దానికి పథ్యం దినచర్య. రాత్రి నిద్రకు ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె పది నిమిషాలు మర్దన చేసుకోవాలి. భోజనవేళలు మారకుండా చూసుకోవాలి. సాయంత్రం తరువాత టీ మానివేయాలి. ఫోనులో ఎంత మంచి సలహా విన్నా, నిద్రపోయే గంట ముందు ఆ ఫోనును పక్కకు పెట్టాలి. బీడీలు చేసే స్త్రీలు గంటకొకసారి లేచి నాలుగడుగులు నడిచి, మెడ, భుజాలు కదిలించాలి. పిల్లలకు రోజూ ఒక పూటైనా తల్లి పక్కన కూర్చుని అన్నం తినే అవకాశం ఇవ్వాలి. పెన్నేరు, సరస్వతి ఆకు వంటివి మంచివే అయినా గర్భిణులు, థైరాయిడ్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా తీసుకోరాదు.

కావలసినది ఒక తలుపు

చివరగా ఒక మాట. చికిత్సలో మూడవ పాదమైన పరిచారకునికి అనురాగం ఉండాలని శాస్త్రం అంటున్నది. మన ఇళ్లలో ఆ పరిచారకులు అత్తమామలు, ఆడబిడ్డలు, ఎదిగిన పిల్లలు. కోడలు ఫోను పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే అనుమానంతో చూసే ఇంట ఏ నిపుణుడూ ఆమెకు మేలు చేయలేడు. ఇంటిలో ఒకటే ఫోను ఉండి, అందరి చేతుల్లో తిరుగుతూ ఉంటే ఆమె నోరు విప్పలేదు. చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చినది. ఆ హక్కుకు ఇంటిలో ఒక గది, ఒక అరగంట కావాలి. దానిని ఇవ్వగలిగినది ప్రభుత్వం కాదు, ఇంటి పెద్దలే.

ఇంటిలో వీలుకానివారికోసం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, గ్రామపంచాయితీ కార్యాలయంలోనూ తలుపు ఉన్న ఒక చిన్న గదిని వారానికి రెండు పూటలు ఇందుకు కేటాయించాలని, 14416 నంబరును పెద్ద అక్షరాలతో గోడమీద రాయించాలని మన సర్పంచులను, వైద్యాధికారులను నేను కోరుతున్నాను. ఆశా కార్యకర్తలు గర్భిణులకు మాత్రలు ఇచ్చే సమయంలో ఈ నంబరును కూడ చెప్పవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు.

పాఠకులలో పెద్దవారు ఈ వ్యాసం చదివిన తరువాత తమ ఇంటి కోడలినో, కూతురినో "నీ మనస్సు ఎట్లున్నదమ్మా" అని ఒకసారి అడిగి, ఆమె జవాబు పూర్తయ్యేవరకు మధ్యలో మాట్లాడకుండా వినవలసినదిగా మనవి. సత్త్వావజయ చికిత్స అక్కడి నుండే ప్రారంభమవుతుంది. ఆ తరువాత అవసరమైతే ఫోను ఎట్లాగూ ఉన్నది.